అద్దంలో ముఖం ఎంత దూరం

బాబా మియా తెచ్చిన కెమెరాకు దూరం చెప్పాల్సిన పని లేదట. ఆ మాట ఆయన మూడుసార్లు అన్నాడు. మూడోసారి అన్నప్పుడు కెమెరాను ఎత్తి మెహరాజ్ ముఖానికి ఎదురుగా పట్టి, నొక్కకుండానే దించాడు.

"గిది నొక్కుడే, మెహరాజ్ బీ. దూరమా, దగ్గరా, ఏం ఫికర్ లేదు. అంతా అదే చూసుకుంటది. జపాన్‌ది, మా బామ్మర్ది జిద్దా నుంచి తెచ్చిండు. ఐతారం ఆడోళ్ల దిక్కు నువ్వు దీనితోనే తియ్యి."

హాలియాలో ఆయనకు బియ్యం మిల్లు ఉంది. గొంతు కూడా మిల్లు నడుస్తుండగా మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతే. ఆదివారం కూతురు తాహేరా పెళ్లి. మగవాళ్ల వైపు ఫోటోలకు హాలియాలోనే ఒకతన్ని మాట్లాడుకున్నాడు. ఆడవాళ్ల వైపుకు పరాయి మగవాడు రాకూడదు కాబట్టి, ఇంత దూరం నల్లగొండకు, ఖుద్దూస్ ఫోటో స్టూడియోకు రాక తప్పలేదు. ముస్లింల పెళ్లిళ్లలో ఆడవాళ్ల గదిలోకి వెళ్లి కెమెరా పట్టే మనిషి ఈ చుట్టుపక్కల మెహరాజ్ ఒక్కతే. పద్నాలుగేళ్లుగా పడుతోంది.

పట్టడం అంటే నిజంగా పట్టడమే. అంతకు మించి ఆమెను చేయనిచ్చిన వాళ్లు లేరు. భర్త ఖుద్దూస్ ఇంటి దగ్గరే లెన్సును ఎనిమిది అడుగులకు తిప్పి, అది కదలకుండా చుట్టూ దవాఖాన ప్లాస్టర్ అంటించేవాడు. "ఎనిమిది అడుగులు. తాకకు," అనేవాడు. ఆమె పెళ్లింట్లో ఎనిమిది అడుగులు కొలుచుకుని నిలబడేది, నొక్కేది. ఫోటోలు బాగానే వచ్చేవి. బాగా వచ్చినవాటికి ఖుద్దూస్‌ను మెచ్చుకునేవాళ్లు, ఎవరి తలైనా తెగితే మెహరాజ్‌ను అనేవాళ్లు. ఆమె కూడా అదే న్యాయం అనుకుంది చాలాకాలం.

ఇప్పుడు ఖుద్దూస్ దుకాణం వెనక గదిలో నవారు మంచం మీద ఉన్నాడు. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు లాగింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. తమ్ముడు ఫక్రుద్దీన్ మోటారు సామాన్ల దుకాణంలో పనిచేస్తూ రెండిళ్లూ నెట్టుకొస్తున్నాడు. చెడ్డవాడు కాదు. మంచివాడు కాబట్టే ఒక నిర్ణయం చేసేశాడు. ఒకటో తారీఖు నుంచి ఈ దుకాణంలో ఎల్లస్వామి అనే అతను అద్దెకు జిరాక్స్ మిషన్ పెట్టుకుంటాడు. స్టూడియో మూసేస్తారు.

ఆ సంగతి చెప్పిన రోజు మెహరాజ్ భర్త వైపు చూసింది. ఖుద్దూస్ కళ్లు మూసుకుని తల ఊపాడు, సరేనన్నట్టు. పద్నాలుగేళ్లు పక్కన ఉండి పని చేసిన మనిషి ఒకటి ఉందని, ఆమెను కూడా ఒక మాట అడగాలని ఆయనకు తట్టనేలేదు. ఆమెకు ఆ ఊపు గుండెలో ముల్లులా దిగింది. ఒప్పుకున్న పెళ్లి ఒక్కటే మిగిలి ఉంది, ఆదివారానిది. దాన్ని మాత్రం చేయనివ్వమని ఫక్రుద్దీన్‌ను అడిగింది. ఈ ఒక్కటీ బాగా చేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలీదు. చేయకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు.

బాబా మియా ముందు గదిలో ఫక్రుద్దీన్‌కు జిద్దా కెమెరా గొప్పలు చెబుతుంటే, ఆయన భార్య జులేఖా మెహరాజ్ వెంట తెర తీసుకుని చీకటిగదిలోకి వచ్చింది. బురఖా ముసుగు పైకెత్తి మెహరాజ్ చెయ్యి పట్టుకుంది.

"పెండ్లి ఖాయమైన కాడికెళ్లి నా బిడ్డ నోరు విప్పుతలేదు, మెహరాజ్. పోరడు ఇష్టమేనా అంటే మీ ఇష్టం అంటది. ఏడ్వదు, నవ్వదు. ఏడు నెలలాయె. మేమేమన్న తప్పు చేస్తున్నమా అని నాకు బువ్వ దిగుతలేదు."

"పిల్లగాన్ని చూసిందా, ఆపా?"

"యాడ చూసింది? జల్వలనే చూసుడు."

జల్వా అంటే నిఖా అయ్యాక జరిగేది. పెళ్లికొడుకును ఆడవాళ్ల వైపు తీసుకొచ్చి పెళ్లికూతురి పక్కన కూర్చోబెడతారు. ఇద్దరి తలల మీద ఎర్రటి జరీ గుడ్డ కప్పి, ముందర ఖురాన్ ఉంచి, ఎదురుగా అద్దం పడతారు. ఒకరి ముఖం ఒకరు మొదట చూసుకునేది ఆ అద్దంలోనే. ఒక్కసారే. ఫోటో సరిగ్గా రాలేదు, మళ్లీ చూసుకోండి అని ఎవరూ అనరు.

"అద్దం చూసినప్పుడు నా బిడ్డ ముఖమెట్లుంటదో నాకు చూడాలె ఉంది," అంది జులేఖా. "పైన గుడ్డ, చుట్టూ మంది. తల్లికి కూడ కనబడదు. నువ్వు దియ్యి. అద్దంల దాని కండ్లు కనబడాలె."

మెహరాజ్ పద్నాలుగేళ్లలో ఎన్నో జల్వాలు తీసింది. అన్నీ ఎదురుగా, ఎనిమిది అడుగుల నుంచి తీసినవే. ఎర్రగుడ్డ, వంగిన రెండు తలలు, అద్దం వెనక వైపు ఉన్న అట్ట. అద్దం లోపల ఏముంటుందో ఆ ఫోటోల్లో ఎప్పుడూ పడలేదు. అయినా ఆమె "తీస్త ఆపా," అంది. అనేశాక భయమేసింది.

శుక్రవారం జుమ్మా నమాజు వేళకు వీధి సద్దుమణిగింది. మెహరాజ్ దుకాణం తలుపు ఓరగా వేసి పాత కెమెరాను ఒళ్లో పెట్టుకుంది. లెన్సు చుట్టూ ఉన్న ప్లాస్టర్‌ను గోటితో గీకింది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి అంటించిన పొరలు. కింద జిగురు నల్లగా గట్టిపడి ఉంది. దూదికి రెండు చుక్కల కిరసనాయిలు అద్ది, గాజుకు తగలకుండా మెల్లగా తుడిచింది. దూరం తిప్పే రింగు మొదట కదల్లేదు. ఎనిమిది దగ్గరే మొండికేసింది. బొటనవేలు, చూపుడువేలు బిగించి పట్టేసరికి చిన్నగా కిర్రుమని తిరిగింది. ఆమెకు నవ్వొచ్చింది.

కన్ను పెట్టి చూసింది. మధ్యలో గుండ్రటి గుర్తు, దానికి అడ్డంగా ఒక గీత. ఇన్నేళ్లూ అది గాజు మీద పడిన గీటు అనుకుంది. ఇప్పుడు రింగు తిప్పుతుంటే గీతకు పైన ఉన్న తలుపు చెక్క ఒక పక్కకు, కింద ఉన్న చెక్క ఇంకో పక్కకు జరుగుతున్నాయి. ఒకచోట రెండూ కలిసి ఒకే తలుపు అయింది. దాటించి తిప్పితే మళ్లీ విడిపోయింది. ముందుకూ వెనక్కూ పదిసార్లు తిప్పింది. ఇది చెప్పడానికి ఆ మనిషికి పద్నాలుగేళ్లలో రెండు నిమిషాలు దొరకలేదా అని కోపం వచ్చింది. కానీ చేతులు ఆగలేదు.

గిరాకీలు తల దువ్వుకునే అద్దం ఒకటి గోడకు ఉంది. దాని చట్రంలో ఎప్పుడూ ఒక దువ్వెన గుచ్చి ఉంటుంది. ఆమె ఖుద్దూస్‌ను నడిపించుకొచ్చి అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. మూతి వంకరైనప్పటి నుంచి ఆయన అద్దం చూసుకోలేదు. ముఖం తిప్పుకోబోయాడు.

"జర కూసోండి. మీకు కాదు, నాకు పని," అంది.

ఆయన కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడి, అద్దం ఉంది కదా అని అద్దానికే రింగు తిప్పింది. దువ్వెన పళ్లు లెక్కపెట్టేంత తేటగా కనిపించాయి. మూడు తీసింది. జిద్దా కెమెరాలో కూడా ఒక నలుపు తెలుపు రీలు వేసి అక్కడి నుంచే మూడు తీసింది. దానిలో కన్ను పెట్టి చూస్తే అంతా తేటగానే ఉంది. ఎప్పుడు చూసినా, ఎటు చూసినా తేటగానే ఉంటుంది. ఏది సరిగ్గా పడుతుందో, ఏది పడదో అది ముందు చెప్పదు.

సాయంత్రానికి చీకటిగదిలో రెండు రీళ్లూ కడిగింది. ఆ పని ఆమెదే మొదటి నుంచీ. ఎర్రదీపం కింద తట్టలోని మందు నీళ్లలో కాగితాలు ఊపుతుంటే ముందు దువ్వెన వచ్చింది. చట్రం వచ్చింది, చట్రానికి ఉన్న మేకు వచ్చింది. ఖుద్దూస్ ముఖం మాత్రం తడిగుడ్డతో తుడిచినట్టు అలుక్కుపోయింది. జిద్దా కెమెరావి మూడూ అంతే. ఆమెవి మూడూ అంతే.

తడి ఫోటోలు తెచ్చి భర్త ముందు పరిచింది. "చూడండి. జపాన్ మిషన్, నేను ఒక్కటే తప్పు చేసినం."

ఖుద్దూస్ మూతి ఎడమ పక్క కదిలింది. నవ్వాడు. తర్వాత ఎడమచేత్తో ఆమె ఓణీ కొంగు లాగి, ఒక చివర కెమెరాకు ఆనించమన్నట్టు చూపించాడు. ఆమె ఆనించింది. గుడ్డను అద్దం దాకా చాపమన్నాడు. చాపింది. ఆపలేదాయన. అద్దం దగ్గర గుడ్డను మడిచి, అక్కడి నుంచి తన ముక్కు దాకా లాక్కున్నాడు. లాగి, ముక్కు దగ్గర పట్టుకుని, ఆమె కళ్లలోకి చూశాడు.

"ఇంత," అన్నాడు.

మెహరాజ్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అయింది. ముఖం అద్దం మీద లేదు. అద్దం మనకు ఎంత దూరమో, అద్దం నుంచి మనిషి ఎంత దూరమో, ఆ రెండూ కలిపితే అక్కడుంది ముఖం, అద్దానికి అవతల. కెమెరా అద్దం దగ్గరే ఆగిపోయింది. తనూ అక్కడే ఆగిపోయింది.

గుడ్డను జేనలతో కొలిచింది. అయిదున్నర అడుగులు. రింగును అక్కడికి తిప్పి కన్ను పెట్టింది. మధ్య గుర్తులో ఖుద్దూస్ మీసం రెండు ముక్కలుగా ఉంది. ఒక్క వెంట్రుకవాసి తిప్పింది. మీసం కలిసింది. తెల్ల వెంట్రుకలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, వంకర మూతి, ఆరు నెలలుగా ఎవరి వైపూ సరిగ్గా చూడని రెండు కళ్లు. అద్దం చట్రం మసకబారి పక్కకు తప్పుకుంది. ఆమె వెంటనే నొక్కలేదు. చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

శనివారం ఫక్రుద్దీన్ వచ్చి ఆరిన ఫోటోలన్నీ చూశాడు. జిద్దా కెమెరావి ఒక పక్క, శుక్రవారం రాత్రి మళ్లీ తీసినది ఒక పక్క పెట్టింది మెహరాజ్.

"అంటే జపాన్లోళ్లది తప్పు, మా భాబీది రైటు," అన్నాడు.

"గుంపులు తియ్యడానికి ఆ కెమెరా మంచిదే భయ్యా. ఉరికే పిల్లలను నాకంటె అది మంచిగ పట్టుకుంటది. అద్దం కాడికొస్తే దానికి తెల్వది."

"బాబా మియా దానితోనే తియ్యమన్నడు. నువ్వు నీ సొంత తెలివికి పోయి ఫోటో ఖరాబైతే హాలియా, మిర్యాలగూడ, అంతటా మాట పోతది."

"ఒకటో తారీఖుకు ఎట్లన్న పోయేదే గద," అంది మెహరాజ్. ఫక్రుద్దీన్ టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బస్సులో హాలియా చేరేసరికి మిల్లు వెనక ఉన్న ఇంట్లో దేగ్చాలు పొయ్యిల మీదికి ఎక్కాయి. ఆడవాళ్లకు మేడ మీద పెద్ద గది. కొత్తగా సున్నం కొట్టిన తెల్లటి గోడలు. మెహరాజ్ ముందు ఆ గోడలను చూసి సంతోషించింది. తర్వాత జల్వాకు పరుపు ఎక్కడ వేస్తారో అడిగి, అక్కడ కూర్చుని, లేచి, వెనక మోకాళ్ల మీద నిలబడి, ఓణీతో కొలుచుకుంది. చూసినవాళ్లు ఈమె ఏదో మొక్కు తీర్చుకుంటోంది అనుకున్నారు.

మధ్యాహ్నం దాకా బాబా మియా చెప్పినట్టే జిద్దా కెమెరాతో తీసింది. అత్తలు, పిన్నులు, మెహందీ చేతులు, పరుగెత్తే పిల్లలు. అది తన పని తాను చక్కగా చేసుకుపోయింది. రీలు కూడా తనే తిప్పుకుంటోంది. మెహరాజ్ దాన్ని ఎక్కడా తిట్టుకోలేదు. కింద నిఖా అయింది. ఖర్జూరాలు పంచారు. సాయంకాలం అసర్ నమాజు తర్వాత పెళ్లికొడుకును పైకి తెచ్చి తాహేరా పక్కన కూర్చోబెట్టారు. పూల సెహ్రా ముఖం మీద నుంచి పక్కకు తీశారు. పాతికేళ్ల కుర్రవాడు. చెమటలు కారిపోతున్నాయి.

మెహరాజ్ జిద్దా కెమెరాను మెడలోంచి తీసి, తాహేరా మేనమామ భార్య మెడలో వేసింది. కెమెరా ఆమె భర్త తెచ్చిందే. "మీరు దీంతోని దియ్యండి, ఆపా. నేను వెనక నుంచి తీస్త."

"ఆ పాత డబ్బాతోనా?" అంది ఆమె. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అయినా మెహరాజ్ సంచిలోంచి పాత కెమెరా తీసింది. ఫ్లాష్ లైటును కెమెరా మీద పెట్టలేదు. పెడితే వెలుగు తిరిగొచ్చి అద్దంలో తెల్లటి మచ్చ పడుతుంది. పొడుగు వైరుతో లైటును విడిగా చాపి జులేఖా చేతిలో పెట్టింది.

"ఎదురుగ నిలబడి దీన్ని గోడ దిక్కు తిప్పి పట్టుకో, ఆపా. బిడ్డ దిక్కు కాదు, గోడ దిక్కు. గోడకు తాకిన వెలుగు మెల్లగ వస్తది. చెయ్యి వణకొద్దు."

"వణుకుతాంది," అంది జులేఖా. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఎర్రగుడ్డ కప్పారు. మెహరాజ్ వెనక నుంచి దాని అంచు ఎత్తుకుని, రెండు తలల మధ్య మోకాళ్ల మీద లేచింది. గుడ్డ కింద మల్లెపూల వాసన, అత్తరు వాసన, ఉక్క. ముసలావిడ ఒకామె ఎదురుగా అద్దం ఎత్తి పట్టింది. దాని వెండి చట్రం నిండా రాళ్లు, నగిషీలు. ఎవరి చూపైనా ముందు ఆ చట్రం మీదే పడుతుంది. మెహరాజ్ దాని జోలికి పోలేదు. రింగు అయిదున్నర మీద ఉంది. మధ్య గుర్తును తాహేరా ముక్కుకున్న నత్తు మీద నిలిపింది. బంగారు నత్తు రెండు అరవంకలుగా విడిపోయి ఉంది. ముసలావిడ చెయ్యి కదిలినప్పుడల్లా కలుస్తోంది, విడిపోతోంది. మెహరాజ్ వేలు కూడా దానితో పాటే కదిలింది.

తాహేరా కళ్లు మూసుకుని ఉంది.

"కండ్లు తెరువమ్మా, తాహేరా!" అని బయట నుంచి కేకలు. "దుల్హా ఎంతసేపు కూసోవాలె?" మేనత్తలు నవ్వుతున్నారు. జిద్దా కెమెరా జుయ్ మంటూ ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. "ఏందమ్మా నువ్వు, తియ్యవేం?" అని ఎవరో మెహరాజ్ భుజం పొడిచారు. తీయడానికి ఏముంది? కళ్లు మూసుకున్న పిల్లనా? ఆమెకు ఉన్నది ఒక్క అవకాశమే. ఫ్లాష్ ఒకసారి వెలిగితే మళ్లీ వెలగడానికి సిద్ధమయ్యేసరికి ముసలావిడ అద్దం దించేస్తుంది. మోకాళ్లు నొప్పెడుతున్నాయి. చెమట కనుబొమ మీదికి దిగింది. తుడుచుకోలేదు.

అప్పుడు పెళ్లికొడుకు పెదవులు కదల్చకుండా, ఆ గుడ్డ కింద ఉన్న ముగ్గురికే వినబడేట్టు అన్నాడు. "నాకు గూడ భయమైతాంది."

నత్తు కలిసి పూర్తి వలయం అయింది. పైన రెప్పలు కదిలాయి. మెహరాజ్ నొక్కింది.

పాత కెమెరాల్లో ఒక సంగతి ఉంది. నొక్కిన ఆ క్షణంలో లోపలి అద్దం పైకి లేచి కన్ను చీకటవుతుంది. తీసినవాళ్లకు తీసింది కనబడదు. గోడ తెల్లగా మెరవడం తెలిసింది, అంతే. ఆ తర్వాత మేనమామ భార్య ఆమె భుజం మీదుగా వంగి "ఇగ నాది కూడ ఒకటి," అని నొక్కింది. ముసలావిడ అద్దం దించింది. ఎదురుగా జులేఖా లైటును గుండెకు ఆనించుకుని, వచ్చిందా అన్నట్టు చూసింది. ఏమో అన్నట్టు మెహరాజ్ కెమెరాను సంచిలో పెట్టుకుంది. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆమె ఒక్కటే ఆలోచించింది, ఆ పిల్ల నిజంగా కళ్లు తెరిచిందా లేదా అని.

రంగుల రీళ్లు హైదరాబాద్ పోయి బుధవారం మధ్యాహ్నం తిరిగి వచ్చాయి. ఫక్రుద్దీన్ బస్టాండుకు వెళ్లి కవర్లు తెచ్చాడు. బాబా మియా, జులేఖా అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఎల్లస్వామి కూడా అప్పుడే వచ్చాడు, కొలతల టేపు పట్టుకుని. మిషన్ ఏ మూల పడుతుందో చూసుకోవాలట. ఖుద్దూస్‌ను ముందు గదిలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

బాబా మియా గుంపు ఫోటోలు చూసి పొంగిపోయాడు. "నేను చెప్పలే? ఏమన్న మిషనా!" అద్దం ఫోటో దగ్గరికి వచ్చేసరికి ముందు చేతికొచ్చింది మేనమామ భార్య తీసినది. వెండి చట్రం ధగధగలాడుతోంది. ఒక్కొక్క రాయీ లెక్కపెట్టొచ్చు. లోపల రెండు ముఖాలు రెండు మసక మచ్చలు. ఆయన "మాషా అల్లా" అన్నాడు.

తర్వాతది మెహరాజ్‌ది.

చట్రం ఎక్కడో మసకగా ఉండిపోయింది. అద్దం లోపల పెళ్లికొడుకు బెదిరిన కళ్లు. పక్కన తాహేరా. తల వంచుకుని లేదు. నేరుగా అతన్నే చూస్తోంది. కాటుక ఒక కొసన చెదిరింది. రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి. నవ్వును పెదవుల వెనక బిగబట్టుకుంది, అది ఆగకుండా ఒక మూల నుంచి బయటికి వచ్చేసింది. మెహరాజ్ కూడా దాన్ని అప్పుడే చూస్తోంది, మొదటిసారి.

"ఇది ఆల్బంల పెట్టకు," అన్నాడు బాబా మియా, గొంతు తగ్గించి. "దుల్హన్ గిట్ల కండ్లెత్తి చూస్తదా? అటు పెద్దలు చూస్తే ఏమంటరు? జిద్దా కెమెరాది పెట్టు. అండ్ల ఏం కనబడదు, మంచిగున్నది."

ఫక్రుద్దీన్ వదిన వైపు చూశాడు. నేను ముందే చెప్పలేదా అన్న చూపు. తప్పుగా వస్తే తిట్టు పడటం మెహరాజ్‌కు తెలుసు. సరిగ్గా రావడమే తప్పు అవుతుందని అనుకోలేదు. ఫోటో కోసం చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుందామని.

అది జులేఖా చేతుల్లో ఉంది. ఆమె ముసుగు పైకి తీసేసింది, ఎదురుగా ఎల్లస్వామి ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా.

"నవ్వుతాంది," అంది. "చూడండి జీ, నవ్వుతాంది." ఆమె ఫోటో మీద వేలు పెట్టలేక, గాలిలోనే ఆ నవ్వు చుట్టూ వేలు తిప్పింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "ఏడు నెలలు నేను ఏడ్చిన. మీరొక్కసారన్న దాన్ని అడిగిండ్రా? నాకు ఇగ ఎవ్వరేమన్నా ఫికర్ లేదు. నా బిడ్డకు ఇష్టమే."

బాబా మియా ఆమె చేతిలోంచి ఫోటో తీసుకున్నాడు. ఈసారి చట్రం లేదు, పెద్దలు లేరు, కూతురి ముఖాన్నే చూశాడు. కళ్లద్దాలు తీసి కమీజు అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. మిల్లు గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

"దీన్ని పెద్దగ చేస్తరా?" అని అడిగాడు. "గోడకు పెట్టేటంత."

"చేస్తం," అంది మెహరాజ్.

ఫక్రుద్దీన్ ఫోటో మీదికి వంగి చూసి, "చేసేటప్పుడు పైన కోసెయ్యాలె, భాబీ," అన్నాడు. "నువ్వు పడ్డవ్."

నిజమే. అద్దంలో రెండు తలల మధ్య, కొంచెం పైన, మసక మసకగా ఒక నల్లటి కెమెరా, దాని వెనక సగం నుదురు, ఎర్రగుడ్డ ఎత్తి పట్టిన నాలుగు వేళ్లు. ఫోటోలో ఫోటోగ్రాఫర్ పడటం పెద్ద తప్పు. ఖుద్దూస్ అయితే అలాంటిది దుకాణం దాటనిచ్చేవాడు కాదు. మెహరాజ్ సిగ్గుతో "కోసేస్త," అంది.

ఖుద్దూస్ ఎడమచెయ్యి చాపాడు. ఫోటో ఇచ్చారు. భూతద్దం అడిగాడు. ఇచ్చారు. దాన్ని పెళ్లికూతురి కళ్ల మీద పెట్టాడు, పెళ్లికొడుకు కళ్ల మీద పెట్టాడు, చివరకు పైన ఉన్న ఆ మసక నుదురు మీద పెట్టి చాలాసేపు ఉంచాడు.

"ఉండనీ," అన్నాడు.

తర్వాత ఒక్కొక్క మాటా కూడగట్టుకున్నాడు. "నేను... ఒక్క జల్వ గూడ... తియ్యలే. గా రూముల... నన్ను రానియ్యరు. నాకు... లెక్కనే తెలుసు. చూసింది... ఆమె."

మెహరాజ్ గోడకు ఆనుకుంది. మెచ్చుకోలు వింటే ఎలా నిలబడాలో ఆమెకు అలవాటు లేదు.

ఎల్లస్వామి టేపు చూపిస్తూ ఫక్రుద్దీన్‌ను అడిగాడు. "మరి నా మిషన్ ఒకటో తారీఖున తెచ్చుకోవాల్నా?"

ఫక్రుద్దీన్ అన్నను చూశాడు. ఖుద్దూస్ ఈసారి తల ఊపలేదు. ఎడమచేత్తో మెహరాజ్‌ను చూపించాడు.

"దుకాణం... ఆమెది. ఆమెనడుగు."

అందరి ముఖాలూ తన వైపు తిరిగాయి. ఆమె వాళ్లను ఒక్కొక్కరినీ తేటగా చూసింది.

"ఇక్కడ జాగా లేదన్నా," అంది. "జర వేరే చోట చూసుకో."

ఎల్లస్వామి టేపు చుట్టుకున్నాడు. మంచి మనిషి, పెద్దగా నొచ్చుకోలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"గట్లనే కానీ. అయితె మిషన్ లోన్ కాయితాలకు నావి మూడు ఫోటోలు కావాలె. ఎప్పుడు రమ్మంటవ్, చెల్లే?"

"ఇప్పుడే కూసో," అని మెహరాజ్ స్టూలు ముందుకు జరిపింది.